వేరు పనిచేసింది

నేను విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పని చేస్తాను. ఏం పని అని అడిగిన బంధువులకి ఇన్నేళ్ళలో నాలుగైదు రకాలుగా చెప్పి చూశాను, ఒక్కటీ అతకలేదు. ఇప్పుడు "రక్తపరీక్షల్లాంటివి" అనేసి ఊరుకుంటున్నాను. అది అబద్ధమే. కానీ వాళ్ళు తృప్తిగా తలూపుతారు, నాకూ విసుగు తప్పుతుంది. నాకు విసుగు ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నిజానికి నేను చేసేది ఒకటే పని. కైనేజులనే ఎంజైములు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలుస్తాను, వాటిని ఆపగలిగే పదార్థం ఏదైనా ఉందేమో చూస్తాను. కైనేజు పని చెప్పడానికి తేలికే. ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటు ముక్క తీసి ఇంకో ప్రొటీనుకి అంటిస్తుంది. అంటించగానే ఆ ప్రొటీను మేలుకుంటుంది, కణం పెరగడమో చీలడమో మొదలవుతుంది. ఒక్కోసారి ఏదో ఒక కైనేజు చెడిపోయి, ఆగాల్సిన చోట ఆగకుండా అంటిస్తూనే పోతుంది. ఒక రకం రక్తక్యాన్సరు అలా వచ్చేదే. ఆ కైనేజులో ఏటీపీ కూర్చునే చోట తాను దూరి కూర్చుని దాన్ని ఆపేసే మాత్ర ఒకటి ఉంది. రోజూ వేసుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడు.

మా ప్లేటులో తొంభై ఆరు గుంటలుంటాయి. గుంటలో కైనేజు, అది అంటించాల్సిన ప్రొటీను ముక్క, ఏటీపీ వేసి, పరీక్షించదల్చిన పదార్థం ఒక చుక్క కలిపి, అరగంట గోరువెచ్చగా ఉంచుతాను. కైనేజు నడిస్తే ఏటీపీ ఖర్చవుతుంది. అలా ఖర్చయిన ఏటీపీలో మిగిలిన తునకలోంచి ఇంకో ఎంజైము ఫాస్ఫేటుని విడదీస్తుంది. చివర్లో వేసే పసుపు రంగు ద్రావణం ఆ ఫాస్ఫేటు తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చ అయిందా, కైనేజు నడిచినట్టు. పసుపుగానే ఉండిపోయిందా, ఆగినట్టు. ఏమీ వేయని గుంట ఒకటి, పేరున్న ఆ మాత్ర పొడి వేసిన గుంట ఒకటి ప్రతి ప్లేటులోనూ ఉండి తీరాలి. మొదటిది ఆకుపచ్చగా మారకపోయినా, రెండోది మారినా, ఆ రోజు చేసిన పనంతా చెత్తబుట్టలోకే.

ఏజెన్సీలో వాడే మందుమొక్కలని ఈ కైనేజు మీద చూద్దామని మా సారుకి ఒక ఆలోచన వచ్చింది. పాడేరు ఆఫీసుల్లో అనుమతి కాగితాలకే ఒక ఎండాకాలం గడిచిపోయింది. వానలు పడ్డాక చింతపల్లి నుంచి షేరు జీపులో ఇంకా పైకి వెళ్ళి, గడ్డలకీ పుళ్ళకీ మందిస్తుందని పేరున్న ఒక ముసలమ్మని కలిశాను. ఆమె, కొడుకు, కోడలు ఆ ఇంట్లో ఉంటారు. వాళ్ళలో వాళ్ళు ఒరియా కలిసిన వాళ్ళ మాటలో మాట్లాడుకుంటారు, నాతో మాత్రం తెలుగే. నేను ఆమెని మామ్మా అన్నాను. ఆమె నన్ను గుంటా అంది. నలభై దాటిన దాన్ని చిన్నపిల్లలా గుంట అంటే ఎవరికి బాగుండదు?

నా పని వివరించడానికి అక్కడా తంటాలు పడ్డాను. "తొంభై ఆరు గుంటలుంటాయి మామ్మా, ఒక్కో గుంటలో ఒక్కో మందు పోస్తాను" అన్నాను.

ముసలమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! తొంబయ్యారు గుంటలకా? అందరికీ మందు పోసెత్తన్నావా? ఆళ్ళ అమ్మలు ఊరుకుంతన్నారేటి?"

వలిసె గింజలు చెరుగుతున్న కోడలు చేట పక్కన పెట్టి పడీ పడీ నవ్వింది. ఇక్కడ గుంటంటే ఆడపిల్ల అని నాకు తెలుసు, నేను పుట్టింది కూడా కింద అనకాపల్లి వైపే. కానీ ప్లేటు గుంటల మాట ఎత్తినప్పుడు ఆ అర్థం తోచనే లేదు. ఆ రోజు ముగ్గురం బాగా నవ్వుకున్నాం. కోడలు నన్ను అక్కా అనడం అక్కడే మొదలైంది.

ముసలమ్మకి ఒక పద్ధతి ఉంది. కషాయం ఏదైనా రోగి ఎదురుగా ముందు తానొక గుక్క తాగుతుంది. కాసేపు కూర్చుంటుంది. ఆ తర్వాతే గిన్నె రోగికి ఇస్తుంది. నాకిచ్చిన వేరుతో కూడా అలాగే చేసింది, నేను రోగిని కాను మొర్రో అన్నా వినలేదు. గడ్డలు కరగడానికి ఆమె అత్త దగ్గర నేర్చుకున్న వేరట అది.

మంచినీళ్ళకి లేచినప్పుడు గోడకున్న అద్దం వెనక మాత్రల అట్ట ఒకటి కనిపించింది. పేరు చదివి అక్కడే నిలబడిపోయాను. ఇమాటినిబ్. నేను రోజూ మిల్లీగ్రాముల లెక్కన తూచే పొడి. అది ఒక మనిషి అద్దం వెనక ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి.

"ఎవరివి?" అన్నాను.

"నావే" అంది కోడలు. "రగతంలో కేన్సరంట. విశాకపట్నం పెద్దాసుపత్రిలో ఇత్తన్నారు."

తర్వాత మెల్లగా అంతా చెప్పింది. కాళ్ళు పీకుతాయి, పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బుతుంది, ఖాళీ కడుపున మింగితే వాంతి. అదంతా ఆమె లెక్క చేయలేదు. ఆమెకి కావాల్సింది ఒక బిడ్డ. మాత్రలు వాడుతుండగా కడుపు రాకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. రిపోర్టులో జబ్బు జాడ సున్నాకి వచ్చింది. అది వరసగా మూడేళ్ళు సున్నాగానే ఉంటే, నెలనెలా పరీక్ష చేస్తూ మాత్ర ఆపి చూద్దాం, అప్పుడు బిడ్డ సంగతి ఆలోచిద్దాం అన్నాడు. ఏడాదికోసారి కాఫీ పళ్ళు కోస్తారు కనక ఆమెకి ఏడాదంటే ఒక కాపు. "రెండు కాపులైపోనాయి అక్కా. ఈ కాపు కోసీసినాక సెప్తానన్నాడు డాట్రుబాబు" అంది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు.

ముసలమ్మ ఈ మాటల్లో కలగజేసుకోలేదు. అవతలి వైపు తిరిగి పొయ్యి ఊదుకుంది. ఇంటి వైద్యం ఇంటి కోడలికే అక్కరకి రాలేదని ఊళ్ళో అనుకునేవారని, అది ఆమెకి ముల్లులా ఉండేదని నాకు తర్వాత తెలిసింది.

ప్రయోగశాలకి వచ్చాక వేరు ఎండబెట్టి, దంచి, సారం తీసి, ప్లేటు మీద వేశాను. రంగు ద్రావణం పోసి చూస్తే వేరు వేసిన గుంటలన్నీ పసుపే. మాత్ర పొడి వేసిన గుంట పక్కన అచ్చం దానిలాగే ఉన్నాయి. సారాన్ని పదింతలు పలచన చేసినా పసుపే. మూడు రోజులు మూడు ప్లేట్లు చేశాను, అదే తీరు. మా సారు చూసి "బాగుంది. ఇంకో రెండు మూడు ఎంజైముల మీద చెయ్యి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. ఆయన దేనికీ గెంతులెయ్యడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇంకొంచెం వేరు కావాలి కనక అక్టోబరులో మళ్ళీ జీపెక్కాను. వాకిట్లో కాలు పెడుతూనే "మామ్మా, నీ వేరు పనిచేసింది!" అన్నాను.

ఈ ఒక్క మాట గురించే నేనిదంతా రాస్తున్నాను. మా దగ్గర "పనిచేసింది" అంటే గుంట పసుపుగా ఉండిపోయిందని. అంతకు మించి ఏమీ లేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే మాట వాడతాం. "రెండో వరసలోది పనిచేసిందా?" "లేదు, నాలుగోది పనిచేసింది." తెలుగులో మందు పనిచేసిందంటే మాత్రం రోగం తగ్గిందని. నేను ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఏ మాట ఏ గడప దగ్గర విప్పి రావాలో తెలుసుకోలేదు.

ముసలమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నా ముఖంలోకి చూసింది. "ఏ జబ్బుకి సూసేవు గుంటా?"

"నీ కోడలి జబ్బులో చెడిపోయేదొకటి ఉంది కదా, దాని మీదే. ఆ మాత్ర ఎంత ఆపిందో ఇదీ అంత ఆపింది."

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. ముసలమ్మ పక్కింటి వాళ్ళని కేకేసి పిలిచింది. వాళ్ళ మాటలో ఏదో గబగబా చెప్పింది. అందరూ నా వైపు చూశారు. చోడి అంబలి తెచ్చి పెట్టారు. కోడలు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకూ గొప్పగానే అనిపించింది, దాచడం దేనికి? ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పని విని ఎవరైనా అంత సంతోషపడడం అదే మొదలు. మాత్రలు మానకండి అని చెప్పాలని తట్టనే లేదు. మానతారని అనుకుంటే కదా!

జనవరి దాకా వేరే ఎంజైముల మీద చేశాను. సారు చెప్పిన రెండు కైనేజుల మీదా వేరు పసుపే చూపించింది. అసలు కైనేజు కానే కాని ఇంకో ఎంజైము మీద వేస్తే దాన్నీ ఆపేసింది. అక్కడ నాకు అనుమానం వచ్చింది. మందన్నది ఒకదాన్ని ఆపితే ఇంకోదాన్ని వదలాలి. కనిపించిన దాన్నల్లా ఆపేస్తోందంటే అందులో ఏదో తిరకాసు ఉంది.

తిరకాసు ఏమిటో వెతుక్కోనక్కర్లేదు, చేసిందాన్ని నేనే. కొన్ని సారాలు నీళ్ళలో సరిగ్గా కరగవు. అంబలిలో ఉండకట్టిన పిండిలాగా కంటికి కనపడనంత చిన్న ఉండలు కడతాయి. ఎంజైము వెళ్ళి ఆ ఉండలకి అతుక్కుపోతుంది. అది ఆగడం కాదు, ఇరుక్కోవడం. అందుకే ప్రతి గుంటలోనూ రవ్వంత డిటర్జెంటు వెయ్యాలి. సబ్బు లాంటిదే, ఉండలని విడగొడుతుంది. వేరు సారంతో డిటర్జెంటు కలిస్తే నురగ వస్తోంది, బుడగలుంటే మెషిను రీడింగు తప్పుతోంది. ఆ బుడగలు ఒక్కొక్కటీ సూదితో పొడవడం విసుగై, వేర్ల ప్లేట్లలో డిటర్జెంటు మానేశాను. నా విసుగు సంగతి మొదట్లోనే చెప్పాను.

ఆ రోజు డిటర్జెంటు వేసి, బుడగలన్నీ ఓపిగ్గా పొడిచి, మళ్ళీ చేశాను. మాత్ర వేసిన గుంట పసుపు. వేరు వేసిన గుంటలన్నీ ఆకుపచ్చ, ఏమీ వేయని గుంటకీ వాటికీ తేడానే లేదు. సారు చూసి "పోన్లే, ఇలాంటివి ఎన్ని చూడలేదు" అని సంతకం పెట్టి కాగితం పక్కన పెట్టాడు.

ఇక వేరు తవ్వక్కర్లేదని చెప్పడానికి కోడలికి ఫోను చేశాను. కాఫీ కోతలో ఉంది, వెనకాల ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"మీకొద్దేటి? పోన్లే అక్కా, అత్త నాకు తవ్వుతాది కదా రోజూ."

"నీకెందుకు?"

"అదేటక్కా అలగంతావు? మాత్రలు మానీసేను కదా. నువ్వొచ్చెల్లిన కాడ్నించీ వేరు కసాయమే తాగుతన్నాను."

మూడు నెలలు. వేరు పనిచెయ్యలేదు, వెంటనే మాత్ర మొదలుపెట్టు, ఈ పూటే వేసుకో అని అరిచాను.  "నువ్వే కదా పనిచేసిందన్నావు" అంది ఆమె. నేనేదో చెప్పబోయేలోగా సిగ్నలు పోయింది. మళ్ళీ కలిపితే పక్కనే కోతలో ఉన్న ముసలమ్మ ఎత్తింది.

"ఆ యేల పనిచేసిందన్నారు. ఇయ్యేల పనిచెయ్యనేదంతన్నారు. రేపేటంతారు, మేడమ్?"

మేడమ్ అన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. బస్సెక్కి విశాఖ రా, కళ్ళతో చూద్దువుగాని అన్నాను. బస్సు పడదంది. సరే, అయితే నేనే పట్టుకొస్తానన్నాను.

అలా ఎంజైము కొండెక్కింది. థర్మాకోల్ పెట్టెలో ఐసు, చిన్న చిన్న గొట్టాలు, చుక్కలు కొలిచే పిపెట్టు, రంగు ద్రావణం ఒళ్ళో పెట్టుకుని చింతపల్లిలో షేరు జీపెక్కాను. పక్కనున్న పెద్దాయన పెట్టె తట్టి "రొయ్యలేటమ్మా? కేజీ ఎలగ?" అన్నాడు. రొయ్యలు కాదు, ఎంజైమన్నాను. "అదెలగుంటాది, ముల్లుంటాదా?" అని ఇంకొకాయన. జీపంతా నవ్వింది. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్నే.

కోడలు వాకిట్లో నిలబడి ఉంది. ముఖం ఉబ్బు లేకుండా, కళగా, ఆరోగ్యంగా కనిపించింది. మాత్ర మానితే మొదట అలాగే ఉంటుంది. అది చూసి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

అరుగు మీద చాప పరిచి ఆరు గొట్టాలు పెట్టాను. ఏమీ వేయనిది, మాత్ర వేసింది, వేరు వేసింది. మళ్ళీ ఆ మూడే, డిటర్జెంటుతో. ముసలమ్మ అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "ఏది ఏదో నీకు తెలిసే కదా సేత్తన్నావు?"

తెలుసన్నాను.

"అయితే అటు తిరుగు."

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె నా గుర్తులున్న మూతలు తీయించి, కోడలి చేత వేరే మూతలు పెట్టించి, మూతల మీద బొగ్గుతో తన గుర్తులు గీసి, గొట్టాలు కలిపేసింది. పరీక్ష చేసేవాళ్ళకి ఏది ఏదో తెలియకూడదని చదువుకున్న వాళ్ళు ఎన్నో కాగితాలు రాసి చేసే ఏర్పాటు ఆమెకి చదువు లేకుండానే తట్టింది. నాకు సిగ్గేసింది, ఆమె మీద గౌరవమూ కలిగింది.

అరగంట తర్వాత రంగు పోశాను. ఆరూ పసుపే.

ఏమీ వేయనిది కూడా పసుపే! బయట చలి, ఎంజైము కదల్లేదు. గోరువెచ్చగా ఉండాలన్న సంగతి, ప్రయోగశాలలో మెషిను చూసుకునే సంగతి కనక, నాకు తోచనేలేదు. "సూసేవా, నీ సబ్బు యేటీ సెయ్యనేదు" అంది ముసలమ్మ. తప్పు నాదే, మళ్ళీ చేస్తానన్నాను. వెచ్చటి నీళ్ళు కావాలి, మరీ వేడైతే చచ్చిపోతుంది అన్నాను. ఎంత వేడని అడిగింది. మెషిను మీద అంకె తప్ప నాకు నోటితో చెప్పడం రాలేదు. "ఒంటి వేడి కంటే కొంచెం తక్కువ" అన్నాను.

"పసిగుంటకి నీల్లు పోసే ఏడి" అని ఆమె పొయ్యి మీది నీళ్ళు దించి, మోచేత్తో చూసి, చల్లనీళ్ళు కలిపి, మళ్ళీ చూసి, గొట్టాలు అందులో నిలబెట్టింది. అరగంట సేపూ చెయ్యి తీయలేదు. చల్లారితే వేడి నీళ్ళు కలుపుతూ గిన్నె దగ్గరే ఉంది. గుర్తులు మళ్ళీ ఆమెవే, నేను మళ్ళీ గోడ వైపే.

ఈసారి కోడలి చేత రంగు పోయిస్తే మూడు మారాయి, మూడు మారలేదు.

"ఇవి పచ్చ" అంది కోడలు.

"ఏ పచ్చ?" అన్నాను గోడ వైపు నుంచే. పసుపునీ పచ్చంటాం, ఆకునీ పచ్చంటాం, ప్రాణం మీదకి వచ్చిన రోజున ఈ గొడవొకటి. ఇవి ఆకు, ఇవి పసుపు అని విడదీసి చాప మీద పెట్టాం. అప్పుడు ముసలమ్మ తన బొగ్గు గుర్తులు చదివింది. పసుపుగా ఉన్నవి: మాత్ర, సబ్బు వేసిన మాత్ర, సబ్బు వేయని వేరు. ఆకుపచ్చగా మారినవి: ఏమీ వేయనివి రెండూ, సబ్బు వేసిన వేరు.

ఆమె ఆ చివరి గొట్టాన్ని వెలుతురులోకి ఎత్తి చాలాసేపు చూసింది. "సబ్బేత్తే ఏ మందైనా పాడవదేటి?" అంది. గొంతులో పంతం లేదు, ఆశ ఉంది.

"మాత్రలోనూ సబ్బు వేశాం కదా మామ్మా. అది పాడవలేదు."

"కడుపులో సబ్బెక్కడుంటాది?"

"పిత్తం ఉంది కదా. సబ్బులాగే జిడ్డు విడగొడుతుంది. వేరు కడుపులోకి వెళ్ళినా ఇదే జరుగుతుంది."

పిత్తం ఆమెకి తెలుసు. ఎన్ని మేకల్ని కోసి చూసి ఉంటుంది! గొట్టం కింద పెట్టింది. "నాను తాగి సూసేను. నాకేటీ అవనేదు, అందుకే ఇచ్చీసేను" అంది. తాగి చూస్తే విషం కాదని తెలుస్తుంది, మందు అవునో కాదో తెలియదు. ఆ సంగతి నేను చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని?

ముసలమ్మ లేచి అద్దం వెనక నుంచి అట్ట తీసింది. మాత్ర విప్పి కోడలి చేతిలో పెట్టి, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. కోడలు మాత్రని చూస్తూ కూర్చుంది. ఇద్దరం ఎదురుగా నిలబడ్డాం. చివరికి మింగింది. ఆ వెంటనే ముసలమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది, నేను బయల్దేరేదాకా రాలేదు.

ఆ వారంలోనే కోడలితో కలిసి పెద్దాసుపత్రికి వెళ్ళాను. తప్పంతా నాదని నేనే డాక్టరుకి చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండేది. రక్తం తీయించాడు. రిపోర్టులో జబ్బు మళ్ళీ మొలిచింది. మాత్రకి దానిమీద ఇంకా పట్టు ఉండొచ్చు, మూడు నెలలు వాడి చూద్దాం అన్నాడు. మరి మూడేళ్ళ లెక్క? అని కోడలు అడిగింది. "మళ్ళీ సున్నాకి వచ్చిన రోజు నుంచి, మొదట్నుంచి లెక్క" అన్నాడు. ఆమె తలూపింది. బయటికొచ్చాక టీ తాగుతావా అంటే వద్దంది.

ఏప్రిల్లో రిపోర్టు చేతికొచ్చింది. బాగా తగ్గింది, సున్నాకి రాలేదు. ఆమె ప్రాణానికి ఇప్పట్లో భయం లేదు. ఈ మాట నా నోటితో చెప్పాలని, చెబితే నా మనసు కొంచెం తేలికవుతుందని, కొండెక్కాను. ముసలమ్మ సంతకి వెళ్ళిందట. కోడలు ఒక్కతే కాఫీ గింజలు ఎండబోస్తోంది. కళ్ళ కింద ఉబ్బు మళ్ళీ వచ్చింది.

"తగ్గింది, చూశావా" అన్నాను.

"సూసేను."

చాప కొసన కూర్చున్నాను. ఆమె గింజలు కాళ్ళతో కలియబెడుతూనే ఉంది. మధ్యలో ఆగి అడిగింది. "సున్నాకి ఎప్పుడొత్తాదో? ఏడాది పడతాదేటి?"

"పట్టొచ్చు."

"ఆ మీద మూడు. అప్పటికి నాకెన్నేల్లు?"

రోజంతా అంకెలతో బతికేదాన్ని. చెప్పక తప్పలేదు. "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది."

"నీకు పిల్లలున్నారా అక్కా?"

"ఒక పాప."

ఆమె మళ్ళీ గింజల్లో నడవడం మొదలెట్టింది. ఆ చివరికి వెళ్ళి, తిరిగి వచ్చి, నా ముందు ఆగింది. కోపంగా కూడా లేదు. "నువ్వు కావాలని సెయ్యనేదు. నాకు తెలుసు. మా అత్త కూడా కావాలని సెయ్యనేదు, ఆవిడితో ఒకింట్లో ఉండాలి, ఉంటన్నాను. నిన్ను సూత్తే మాత్రం నాకు వొల్లు మండిపోతంది. అది సల్లారినాక నానే ఫోను సేత్తాను. అందాకా నువ్వు రాకు."

సరే అన్నాను. లేచి జీపు ఆగే చోటికి నడిచాను. ఇప్పుడు నా ప్లేట్లలో ప్రతి గుంటలోనూ డిటర్జెంటు ఉంటుంది, బుడగలన్నీ నేనే పొడుస్తాను. ఫోను బల్ల మీద, చెయ్యి అందేంత దూరంలో పెట్టుకుంటున్నాను. ఇంతవరకూ ఆమె చేయలేదు.